ఎర్రనీళ్ళు

బుల్లియ్య వరండాలోకి వచ్చి కండువాతో రెండుసార్లు మొహం తుడుచుకున్నాడు. అనుకున్న గుర్తు అదే. అరటితోట పక్కన ఆపిన జీపులోంచి ఉదయభాస్కర్ దిగాడు. ఇలాంటప్పుడు ఆయన పరుగెత్తడు. పరుగెత్తితే లోపలున్నవాడు కంగారుపడి చేతులు ఎక్కడో అక్కడ తుడిచేసుకుంటాడు. పెళ్ళివారింటికి వెళ్ళే మనిషిలా తాపీగా మెట్లెక్కి, తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి లోపలికి వెళ్ళాడు. వెనకాల ఇన్‌స్పెక్టర్ తాతాజీ, ఇద్దరు కానిస్టేబుళ్ళు, సాక్షి సంతకాలకి మధ్యవర్తులుగా తెచ్చుకున్న ఇద్దరు గవర్నమెంటు ఉద్యోగులు.

కంచిలంక గట్టు మీద ఒకే ఒక్క పెంకుటి గది ఆ ఆఫీసు. బల్ల వెనక గట్ల పనులు చూసే ఏఈ యెహెజ్కేలు కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. చెవి మీద పెన్సిలు, ముందు తెరిచిపెట్టిన కొలతల పుస్తకం. తను చేసిన మట్టిపనికి అందులో సంతకం పెట్టాలంటే లంచం అడిగాడని బుల్లియ్య ఫిర్యాదు.

"కదలకండి. రెండు చేతులూ బల్ల మీద పెట్టండి" అన్నాడు ఉదయభాస్కర్.

లంచాల కేసులు పట్టే విభాగానికి రెండు గోదావరి జిల్లాల్లోనూ ఆయనే పెద్ద. అదనపు ఎస్పీ. అంతకు ముందు పదేళ్ళకు పైగా ఏజెన్సీ కొండల్లో తీవ్రవాదుల వెంట తిరిగిన మనిషి. అక్కడా ఇక్కడా ఆయన వెంట ఉన్నవాడు తాతాజీయే. మొహం చూస్తే చాలు, సారుకి ఏం కావాలో అతనికి తెలుస్తుంది.

తాతాజీ గాజు గ్లాసులో నీళ్ళు పోసి సోడా కలిపాడు. ఈ పని ఇలాగే జరుగుతుంది. ఫిర్యాదుదారుడి చేతికిచ్చే నోట్లకి ముందే ఒక తెల్లపొడి రాస్తారు. అది కంటికి కనపడదు. నోటు ముట్టుకున్న చెయ్యి సోడా నీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబీ రంగుకి తిరుగుతాయి. ముట్టుకోకపోతే నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి.

యెహెజ్కేలు వేళ్ళు ముంచాడు. నీళ్ళు ఎర్రబడ్డాయి.

ఉదయభాస్కర్ ఒక్క క్షణం గ్లాసుకేసి చూశాడు. రంగులో ఏదో తేడా ఉంది. గులాబీలా లేదు, కాస్త ఇటుక రంగుకి దగ్గరగా ఉంది. కిటికీలోంచి వస్తున్న మబ్బు వెలుతురు వల్లేమో అనుకున్నాడు. నూట పన్నెండు ట్రాపులు చేసిన పెద్దమనిషి, తప్పు వెలుతురు మీదికి నెట్టేసి ఊరుకున్నాడు. మధ్యవర్తుల్లో ఒకామె, కాలేజీ లెక్చరర్ లావణ్య, ఏదో అనబోయి ఆగింది. ఆవిడ ఆగిందన్నది కూడా ఆయన చూశాడు.

"నేను శుభలేఖ పుచ్చుకున్నానండి. వాళ్ళమ్మాయి పెళ్ళంట. శుభలేఖ ఇచ్చాడు, అంతేనండి" అన్నాడు యెహెజ్కేలు.

కొలతల పుస్తకం తిరగేస్తే పేజీల మధ్య నోట్లున్నాయి. తాతాజీ నంబర్లు చదువుతుంటే, పొద్దున ఆఫీసులో రాసుకున్న కాయితంతో లావణ్య సరిచూసింది. అన్నీ సరిపోయాయి. ఎర్రనీళ్ళు సీసాలో పోసి, మూత బిగించి, మధ్యవర్తులు సంతకం చేసిన చీటీ అంటించి లక్క వేశారు. ఎందుకైనా మంచిదని మరో నాలుగు ఖాళీ చీటీల మీద కూడా సంతకాలు తీసుకున్నారు. చీటీ చిరిగితే మళ్ళీ మధ్యవర్తుల చుట్టూ తిరగక్కర్లేకుండా ఉదయభాస్కరే పెట్టిన పద్ధతి అది.

బల్ల మీద శుభలేఖ మిగిలిపోయింది. నాలుగు అంచులా దిట్టంగా పసుపు. మధ్యలో చిరంజీవి సౌభాగ్యవతి వీరవేణి అని పెళ్ళికూతురి పేరు.

"దీన్ని కూడా సీజు చేసెయ్యమంటారాండీ?" అన్నాడు తాతాజీ.

ఉదయభాస్కర్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఆడపిల్ల పెళ్ళికార్డు. కేసు కట్టలో కలిపితే కోర్టు బీరువాలో ఏళ్ళ తరబడి పడుంటుంది. నేరస్తుల కాయితాల మధ్య ఆ పేరు ఉండటం ఆయనకి బాగాలేదనిపించింది. "ఎందుకులే, శుభం కాదు" అని బుల్లియ్యకి తిరిగి ఇచ్చేశాడు. బుల్లియ్య తలెత్తకుండా అందుకున్నాడు.

యెహెజ్కేలుకి చేతులు తుడుచుకోడానికి ఎవరూ గుడ్డ ఇవ్వలేదు. నీళ్ళు చొక్కా మీద పడకుండా రెండు చేతులూ ముందుకి చాపుకుని జీపు దాకా నడిచాడు. ఎక్కేముందు వెనక్కి తిరిగి, "నా సంగతి తరవాత చూద్దురుగాని, గట్టు సంగతి ఎవరైనా చూడండి సార్. పైన జానెడు మట్టి, లోపలంతా ఇసకే. నేను సంతకం పెట్టనన్నది అందుకేనండి" అన్నాడు.

"అది కోర్టులో చెప్పుకోండి."

పట్టుబడ్డ ప్రతివాడూ ఏదో ఒకటి చెబుతాడు. ఉదయభాస్కర్ విని వదిలేశాడు.

*

మర్నాడు బుధవారం పేపర్లో ఫోటో పడింది. గ్లాసులో చేతులు ముంచిన యెహెజ్కేలు, పక్కన ఉదయభాస్కర్. అప్పటికే యెహెజ్కేలుని సస్పెండ్ చేశారు. రిమాండుకి పంపారు. రాజమండ్రి సెంట్రల్ జైల్లో పెట్టారు.

పదిన్నరకి హైదరాబాదు నుంచి పైఅధికారి ఫోను చేశాడు. ఆగస్టు పదిహేను పతకాల జాబితాలో ఉదయభాస్కర్ పేరు ఖాయమైందట. అభినందనలన్నీ అయ్యాక, పెట్టేయబోతూ గుర్తొచ్చినట్టు అన్నాడు. "అన్నట్టు ఆ కొలతల పుస్తకం సంగతి చూడు. గోదావరి రోజులు. ప్రజల పని మన కేసు వల్ల ఆగిందనిపించుకోకూడదు. శుక్రవారంలోగా ఇచ్చేసెయ్."

కొలతల పుస్తకం సంగతి హైదరాబాదు దాకా ఎలా వెళ్ళిందో ఉదయభాస్కర్‌కి అర్థం కాలేదు. రిపోర్టింకా ఆయన బల్ల మీదే ఉంది.

సాయంత్రం నాలుగింటికి పల్లంరాజు వచ్చాడు. గట్టు కాంట్రాక్టరు. తెల్లటి గ్లాస్కో పంచె, చేతిలో ఆత్రేయపురం పూతరేకుల పెట్టె. కూర్చోమనకముందే కూర్చున్నాడు.

"ఊరి జనం తరఫున వచ్చానండి. పీడ వదిలించారు. చేతులు ఎర్రగా పండాయటగా!"

"మీకూ బుల్లియ్యకీ ఏంటి సంబంధం?"

"మా మట్టిపని మేస్త్రీ అండి. మీకు చెప్పలేదా? పిచ్చోడు, భయపడి ఉంటాడు." పల్లంరాజు నవ్వాడు. "శుక్రవారం ఇన్‌ఛార్జి ఏఈగారిని వెంటబెట్టుకొస్తాను. ఆ పుస్తకం ఓ పూట ఇప్పించారంటే ఆయన సంతకం పెట్టేస్తారు. గోదారి వచ్చేలోగా పని అయిపోయిందనిపించుకోవాలి కదండీ."

అనిపించుకోవాలి అన్న మాట ఉదయభాస్కర్‌కి నచ్చలేదు. పెట్టె తీసుకెళ్ళమన్నాడు. పల్లంరాజు నొచ్చుకోలేదు. పెట్టె చంకలో పెట్టుకుని, గుమ్మం దగ్గర తాతాజీ భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆ తట్టడంలో కొత్త పరిచయం ఏమీ కనపడలేదు.

ఆయన పుస్తకం తీసి చూశాడు. పెన్సిలుతో, పాఠం రాసుకున్నంత శుభ్రంగా రాసిన అక్షరాలు. గట్టు మొదటి నుంచి మూడో కొలతగొలుసు దగ్గర తవ్వి చూశాను, ఇసుక. నాలుగో గొలుసు, ఇసుక. అయిదో గొలుసు, తవ్వనివ్వలేదు. పేజీ అడుగున 'తిరిగి వేయవలెను' అని ఉంది. దాని కింద సంతకం చోటు ఖాళీ. లంచం కోసం ఆగినవాడు ఇంత ఓపిగ్గా కారణాలు రాస్తాడా? ఎప్పుడో ట్రాపుకి ముందు రావలసిన ప్రశ్న ఇప్పుడొచ్చింది.

*

దీపాలు పెట్టే వేళకి ఇంటికి వెళితే, భార్య సీతారామలక్ష్మి వరండాలో పీట వేసి ఉంచింది.

"పేపర్లో బొమ్మ పడితే ఊరంతా చూస్తారు. ఎవరి కళ్ళెలాంటివో! ఓ నిమిషం కూర్చోండి."

ఆయన రోజూ ఇలాంటివాటికి విసుక్కునేవాడే. ఆరోజు ఓపిక లేక కూర్చున్నాడు. ఆవిడ దిష్టి పళ్ళెం పట్టుకుని ఎడమ నుంచి కుడికి తిప్పడం మొదలుపెట్టింది. పళ్ళెం ఆయన మొహం ముందు నుంచి ఒకసారి వెళ్ళింది. రెండోసారి వెళ్ళింది. మూడోసారి ఆయన ఆవిడ మణికట్టు పట్టుకుని ఆపాడు.

"ఇందులో ఏమేశావు?"

"ఏమేస్తారండీ? పసుపు, సున్నం. ఎర్రనీళ్ళు ఎప్పుడూ చూడనట్టు అడుగుతారేంటి?"

"సున్నం బదులు సోడా వేస్తే?"

"అయినా ఎర్రబడతాయి. చీర మీద పసుపు మరక పడితే బట్టలసోడాలో నానేసినప్పుడు ఎర్రగా అవ్వదూ? మీరు బట్టలుతికితే కదా తెలియడానికి!"

ఆయన లేచి నేరుగా వంటింట్లోకి వెళ్ళాడు. గ్లాసులో నీళ్ళు పోసి, బట్టలసోడా కలిపి, పసుపు డబ్బాలో రెండు వేళ్ళు అద్ది ముంచాడు. మబ్బు లేదు, కిటికీ లేదు, ట్యూబులైటు తెల్లగా వెలుగుతోంది. నీళ్ళు ఇటుక రంగుకి తిరిగాయి.

నాలుగు అంచులా దిట్టంగా పసుపు రాసిన శుభలేఖ. దాన్ని రెండు చేతులా అందుకున్న యెహెజ్కేలు. శుభలేఖ ఎవరూ ఒంటిచేత్తో పుచ్చుకోరు. కాఫీ కూడా పుచ్చుకోని అధికారి అయినా సరే, శుభలేఖ వద్దనడు.

ఆ కార్డు కేసులో ఉండి ఉంటే ఏ చిన్న వకీలయినా మొదటి వాయిదాలోనే ఈ సంగతి బయటపెట్టేవాడు. దాన్ని తీసి ఇచ్చేసింది తనే. శుభం కాదని! ఒక మనిషిని జైల్లో పెట్టించడానికి పసుపు మరక చాలింది తనకి.

"ఏవండీ, దిష్టి సగంలో ఆగకూడదండీ" అంటూ సీతారామలక్ష్మి గుమ్మంలో పళ్ళెంతో నిలబడే ఉంది.

*

గురువారం పొద్దున్న లేచేసరికి వంటింటి గ్లాసులో ఎరుపు దిగిపోయింది. నీళ్ళు మురికి పసుపురంగులో ఉన్నాయి. ఉదయభాస్కర్‌కి కొంచెం ఊపిరి ఆడింది. పసుపు ఎరుపు ఒక్క రాత్రి కూడా నిలవదన్నమాట. ఆఫీసులో ఉన్న సీసా కూడా ఈపాటికి ఇలాగే అయి ఉంటుంది. మధ్యవర్తుల్ని పిలిచి సీసా చూపించి, జరిగిన పొరపాటు రాయించేస్తే యెహెజ్కేలు సాయంత్రానికల్లా బయటికొస్తాడు. పతకం పోతుంది. పోతే పోయిందనుకోగలిగాడు. అలా అనుకోగలిగినందుకు తన మీద తనకి కాస్త గౌరవం కూడా కలిగింది.

బీరువా తెరిచాడు. సీసా చీటీతో, లక్కతో ఉంది. లోపలి నీళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి.

చక్కటి, అచ్చమైన గులాబీ. కోర్టులు ఇష్టపడే రంగు. లక్క దగ్గర మొహం పెడితే అప్పుడే కరిగించి పోసినట్టు వాసనొస్తోంది.

ఆయన తాతాజీని పిలిచి తలుపు వేయమన్నాడు.

"ఈ సీసా మార్చావా?"

తాతాజీ అబద్ధమాడలేదు. ఆడవలసినంత పని జరిగిందని అతనికి తోచినట్టు లేదు. "అవునండి. నిన్న మధ్యాహ్నం చూస్తే రంగు దిగిపోయిందండి. అలా ల్యాబుకి పంపితే కేసు పోతుంది. పొడి కలిపి కొత్త నీళ్ళు పోశాను. సంతకం చీటీలు ఎలాగూ ఉన్నాయి కదండీ."

"రంగు ఎందుకు దిగిందో ఆలోచించావా?"

"అది నా పని కాదు కదండీ."

"అతను నోట్లు ముట్టుకోలేదు, తాతాజీ. అది శుభలేఖ పసుపు."

తాతాజీ ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. టోపీ తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని, దాని అంచు చేత్తో సరిచేశాడు. "పోనీ అలాగే అనుకుందాం. పేపర్లో వచ్చేసింది. పైవాళ్ళు మెచ్చుకున్నారు. ఇప్పుడు కాదంటే మన పాత నూట పన్నెండు కేసులూ లేచి కూర్చుంటాయండి. జైల్లో ఉన్న ప్రతివాడూ నాదీ పసుపేనంటాడు. వాళ్ళలో నిజమైన దొంగలే ఎక్కువ కదండీ. ఒక్కడి కోసం వాళ్ళందర్నీ వదిలేద్దామా?"

ఆ వాదనలో బలం ఉంది. అదే ఉదయభాస్కర్‌ని భయపెట్టింది.

"పల్లంరాజు నీకెంత కాలంగా తెలుసు?"

"ఆయన దగ్గర నేను కప్పు టీ కూడా తాగలేదండి. ఫిర్యాదు ముందు ఒకసారి కలిశాడు, మంచి కేసుందన్నాడు. అంతే." తాతాజీ టోపీ బల్ల మీద పెట్టాడు. "ఇది ఆయన కోసం చేశాననుకుంటున్నారా? మీ కోసం చేశానండి. బొడ్డుగూడెం ఎన్‌కౌంటరప్పుడు మీరు చెప్పిన మాట మీదే ఇన్నాళ్ళూ ఉద్యోగం చేసుకొస్తున్నాను."

ఉదయభాస్కర్ కుర్చీలో కదిలాడు.

"ఆ చచ్చిపోయినవాడి కుడిచేతిలో తుపాకీ పెట్టింది నేను. పెట్టమన్నది మీరు. మర్నాడు వాడి పెళ్ళాం వచ్చి, మా ఆయనది ఎడంచేతి వాటం అని మొత్తుకుంటే, మీరు పంచనామాలో కుడి కొట్టేయించి ఎడమ అని రాయించారు. నేను బిక్కచచ్చిపోయి చూస్తుంటే, 'మనిషి ఎలాంటివాడో మనకి తెలుసు తాతాజీ, కాయితం మనం చెప్పినట్టు వింటుంది' అన్నారు. పదమూడేళ్ళయిందండి. ఒక్క అక్షరం మర్చిపోలేదు."

వాడు దళం మనిషో, దళానికి బియ్యం మోసిన కూలివాడో ఈనాటికీ తేలలేదు. తేల్చాలని ఎవరూ అనుకోలేదు. ఆ కేసుతోనే ఉదయభాస్కర్‌కి మొదటి ప్రమోషను వచ్చింది.

"రేపు వాళ్ళు పుస్తకం కోసం వస్తారండి. ఇచ్చేద్దాం. మన చేతి నుంచి వదిలిపోతుంది" అని తాతాజీ టోపీ పెట్టుకుని, సెల్యూట్ చేసి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళాడు.

*

మధ్యాహ్నం ఉదయభాస్కర్ యూనిఫాం లేకుండా, డ్రైవర్ని కూడా వద్దని ఒక్కడే కంచిలంక వెళ్ళాడు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారని దారిలో రేడియో చెప్పింది. గట్టెక్కేసరికి గోదావరి ఎర్రగా, వెడల్పుగా, తొందరేమీ లేనట్టు పోతోంది. మంగళవారం కనపడిన లంక మేతబీడు ఇప్పుడు కనపడటం లేదు.

బుల్లియ్య ఇల్లు గట్టుకి ఇవతల, దిగువన ఉంది. ముంగిట్లో తాటాకు పందిరి వేస్తున్నారు. అరుగు మీద ఒక అమ్మాయి శుభలేఖలు గుట్టగా పోసుకుని, తడిపసుపు గిన్నెలో వేలు ముంచి ఒక్కొక్క అంచుకీ రాస్తోంది. వేళ్ళన్నీ పచ్చగా ఉన్నాయి.

"నాన్న గట్టు మీదకెళ్ళారండి. కూర్చోండి, మంచినీళ్ళు తెస్తాను" అంది. వీరవేణి ఈ పిల్లే. ఆయన ఎవరో ఆ పిల్లకి తెలియదు. నీళ్ళతో పాటు ఒక శుభలేఖ కూడా తెచ్చి, "బుధవారమండి. మీరూ రావాలి" అంటూ రెండు చేతులా అందించింది.

ఉదయభాస్కర్ రెండు చేతులా పుచ్చుకున్నాడు.

అప్పుడే బుల్లియ్య గట్టు దిగి వచ్చాడు. ఆయన చేతిలో కార్డు చూసి, ఉన్నచోటే ఆగిపోయాడు. కూతురి ముందు ఏమీ అనలేక, "రండి, గట్టు మీద మాట్టాడుకుందాం" అని వెనక్కి తిరిగాడు.

పైకెక్కాక తనే మొదలుపెట్టాడు. ఎవరైనా అడిగితే బాగుండునని రెండు రోజులుగా కాచుకున్న మనిషిలా ఉన్నాడు.

"ఆయ్, నేనే పెట్టానండి నోట్లు. ఏఈగారు శుభలేఖ చదువుతుంటే పుస్తకంలో దూర్చేశాను. రాజుగారు అలా చెప్పారండి. పని మాన్పించేస్తానన్నారు. పిల్ల పెళ్ళి ముందెట్టుకుని ఎక్కడికి పోనండి?"

"చేతులు కడిగిస్తామని నీకు ముందే చూపించాం కదా. అతని చేతికి పొడి అంటలేదని తెలుసు కదా నీకు."

"తెల్సండి. నీళ్ళు తెల్లగానే ఉంటాయి, నన్నే పట్టుకుంటారని గుమ్మంకేసి చూస్తా నిలబడ్డానండి. తీరా చూస్తే ఎర్రబడ్డాయి. దేవుడే నా పక్కనున్నాడనుకున్నానండి." బుల్లియ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఈసారి అది గుర్తు కాదు. "మీరు కార్డు తిరిగిచ్చేస్తే ఆ సంతోషం కాస్తా పోయిందండి. నేను ఒకరి కొంపలో నిప్పెట్టొచ్చాను. మీరేమో మా పిల్ల పేరు కేసులో ఉండకూడదన్నారు. అప్పట్నించీ అన్నం దిగట్లేదండి."

మాట్లాడుతూనే మడమతో గట్టు వాలుని నొక్కాడు. మట్టి పెచ్చులా ఊడిపోయి, కిందినించి తెల్లటి ఇసుక జలజలా జారింది.

"ఇదీ నా చేత్తో కట్టిందేనండి" అన్నాడు. "మా ఇల్లు దీని కిందే ఉంది."

"రేపు పొద్దున్న తొమ్మిదింటికి మా ఆఫీసుకి వస్తావా? ఇదే మాట మధ్యవర్తుల ముందు చెప్పాలి. నీ మీద కేసు పడుతుంది. అబద్ధం చెప్పి తీసుకురాను."

బుల్లియ్య పందిరి వైపు చాలాసేపు చూశాడు. కండువా భుజాన వేసుకుని గట్టు దిగాడు.

*

శుక్రవారం తొమ్మిదిన్నరయినా బుల్లియ్య రాలేదు. మధ్యవర్తులిద్దరూ బెంచీ మీద కూర్చుని గడియారం చూస్తున్నారు. గోదావరి ఇంకా పెరుగుతోందని టీ తెచ్చినవాడు చెప్పాడు. పావు తక్కువ పదికి హైదరాబాదు ఫోను మోగింది. ఉదయభాస్కర్ మోగనిచ్చాడు. ఆయన సర్వీసులో పైవాళ్ళ ఫోను మోగి మోగి ఆగిపోవడం అదే మొదలు.

పదింటికి గుమ్మంలో బుల్లియ్య కనపడ్డాడు. ఉతికిన చొక్కా తొడుక్కుని, గుడ్డసంచిలో శుభలేఖలు పట్టుకుని వచ్చాడు. "పిల్లకి చెప్పొచ్చానండి. ఏడ్చింది. ఎల్లమంది" అని గోడవారగా నిలబడ్డాడు.

ఉదయభాస్కర్ రెండు గ్లాసుల్లో తనే నీళ్ళు పోశాడు, తనే సోడా కలిపాడు. తాతాజీ తలుపు పక్కన నిలబడి చూస్తున్నాడు. ఈ పని ఎప్పుడూ అతనిది. చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక బెల్టు పట్టుకున్నాడు.

ఉదయభాస్కర్ చొక్కా చేతులు మడిచి మొదటి గ్లాసులో వేళ్ళు ముంచాడు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. మధ్యవర్తులకి చూపించాడు. చేతులు ఆరనిచ్చి, బుల్లియ్య వైపు తిరిగాడు.

"మంగళవారం ఏఈగారికి ఎలా ఇచ్చావో అలాగే ఇవ్వు."

బుల్లియ్య శుభలేఖ ఇచ్చాడు. ఉదయభాస్కర్ రెండు చేతులా పుచ్చుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివి, బల్ల మీద పెట్టి, రెండో గ్లాసులో వేళ్ళు ముంచాడు.

నీళ్ళు ఇటుక రంగుకి తిరిగాయి.

"ఆ రోజు కూడా ఇదే రంగండి" అంది లావణ్య మెల్లగా. "పారాణి నీళ్ళలా ఉన్నాయే అనుకున్నాను. అడిగితే చెప్పేదాన్ని."

"అడగలేదు. అది కూడా రాయండి." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "ఈ కాయితం పన్నెండింటిలోగా కోర్టుకి వెళ్ళాలి. ఏఈగారు ఇంకో పూట లోపల ఉండటానికి వీల్లేదు. బుల్లియ్య చెప్పేదీ రాయండి. తాతాజీ సీజు చేద్దామన్నా శుభలేఖ తిరిగి ఇచ్చేసింది ఎవరో రాయండి. బీరువాలో ఉన్న సీసా మంగళవారం నింపిన సీసా కాదు, అదీ రాయండి."

లావణ్య కలం ఆపింది. "చేతులు ఎర్రబడ్డ అధికారి పేరు ఏమని రాయమంటారండి?"

"ఉదయభాస్కర్. అదనపు ఎస్పీ. ఇంటిపేరుతో సహా రాయండి."

బయట కారు ఆగింది. కిటికీలోంచి తెల్లపంచె కనపడింది. తాతాజీ బయటికి తొంగి చూసి వచ్చాడు.

"రాజుగారు, ఇన్‌ఛార్జి ఏఈగారు వచ్చారండి. పుస్తకం కోసం."

"పుస్తకం ఇవ్వను. కారణం అందులోనే పెన్సిలుతో రాసి ఉందని చెప్పు. పెద్ద ఇంజనీరుగారికి ఫ్యాక్సు ఇచ్చాను, కంచిలంక జనాన్ని ఈ పూటే ఖాళీ చేయించమని కలెక్టరాఫీసుకి చెప్పాను."

తాతాజీ కదల్లేదు. మధ్యవర్తులు తలొంచుకుని రాసుకుంటున్నారు. అతను సారు కుర్చీ దగ్గరికి వచ్చి, వాళ్ళకి వినపడకుండా అడిగాడు.

"మరి బొడ్డుగూడెం కూడా రాయిస్తారాండీ?"

అందులో బెదిరింపు ఉందో, బతిమాలడం ఉందో తెలియలేదు. రెండూ ఉన్నాయేమో. ఉదయభాస్కర్ తన చేతులకేసి చూసుకున్నాడు. వేళ్ళ చివరినుంచి ఎర్రనీళ్ళు బల్ల మీదికి కారుతున్నాయి. ఈయనకీ ఎవరూ గుడ్డ ఇవ్వలేదు. పదమూడేళ్ళ నాడు ఎడంచేతి వాటం అని మొత్తుకున్న ఆడమనిషి పేరు గుర్తు తెచ్చుకోడానికి ప్రయత్నించాడు. గుర్తు రాలేదు. ఆ పేరు పంచనామాలో ఎక్కడా లేదు.

"కాయితాలు ఎన్నున్నాయి, తాతాజీ?"

"ఓ పది ఉంటాయండి."

"చాలవు. ఇంకో దస్తా పట్టుకురా."

తాతాజీ అలాగే నిలబడ్డాడు. తరవాత జేబులోంచి చేతిరుమాలు తీసి, మడతలు విప్పి, ఆయన చేతుల పక్కన పెట్టి, కాయితాల కోసం బయటికి వెళ్ళాడు.